గట్టిగా చెప్పిన కొలతలు

టేపు మాస్టారికి మనుషుల ముఖాలు అంతగా గుర్తుండవు, నడుములు గుర్తుంటాయి. ఏళ్ళ తర్వాత కొట్టు మెట్టెక్కిన మనిషి వంక ఒక్కసారి చూస్తే చాలు, ఎక్కడ ఎంత పెరిగాడో, ఎంత తరిగాడో మనసులోనే లెక్క కట్టేస్తాడు. పైకి మాత్రం అనడు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా అది మెడలోనే వేలాడుతూ ఉంటుంది, అందుకే ఆ పేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది కాబోలు, ఎవరూ చదవలేదు.

మనిషి పుల్ల. పెళ్ళినాటి కోటు ఈనాటికీ బొత్తాం లాగకుండా పడుతుంది. ఈ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పాడు, చెప్పిన వాళ్ళకే మళ్ళీ చెప్పాడు. అది చాలక ఆ కోటుని కొట్లో గోడకి తగిలించాడు. ఎవరైనా గుండెజబ్బుతో మంచానపడ్డారని తెలిస్తే చాలు, కోటు వంక చూసి, "ఒళ్ళు అదుపులో పెట్టుకుంటే ఇవన్నీ ఎందుకొస్తాయండీ?" అంటాడు. ఆయన దృష్టిలో జబ్బులన్నీ నడుము దగ్గరే మొదలవుతాయి. మూడు పదుల ఏళ్ళు నడుములు కొలిచిన మనిషికి లోకమంతా నడుములాగే కనిపిస్తుంది మరి, ఏం చేస్తాం!

కొట్టంటే పెద్దదేం కాదు. కింద వీధిలోకి ఒక గది, అందులో రెండు మిషన్లు, ఒక గాజు బల్ల. వెనక ఇరుకు మెట్లు, ఆ మెట్లెక్కితే పై గదిలో గుడ్డ కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె. ఆ కొట్లో ఒక పద్ధతుంది. మాస్టారు టేపు పెట్టి కొలత చెప్తాడు, పక్కనే నిలబడి ఆయన భార్య చీటీ మీద రాసుకుంటుంది. చెప్పడం కూడా ఎలా? ఆవిడ చెవి దగ్గరికి వంగి, పెదవులు కదిలీ కదలనట్టు చెప్తాడు. ఒంటి కొలత ఒంటిగలవాడి పరువు, అది పక్కవాడి చెవిన పడకూడదని పని నేర్పిన గురువు ఆయనకి మొదటి రోజే చెప్పాడట. ఆ మాట ఆయన ఎన్నడూ తప్పలేదు. తూకం రాయిలా ఉన్న మనిషి వచ్చినా, అంకె ఆ ఇద్దరి మధ్యే ఉండిపోయేది.

ఒక్క భార్య కొలతల దగ్గర మాత్రం గురువుగారి మాట గాలికి పోయేది. ఆవిడ కాస్త బొద్దుగా ఉంటుంది, గుండ్రటి ముఖం, చప్పుడు చేయని నవ్వు. ఆవిడకి బట్టలు కుట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కొట్లో నలుగురుండే వేళ చూసి టేపు తీసేవాడు. "నడుమూ..." అని రాగం తీసి, అంకెని వీధి చివరికి వినపడేలా అరిచేవాడు. "టేపు చాలట్లేదే, ఇంకోటి అతికించాలి!" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. తన కొలత తనే రాసుకుంటూ ఆవిడా నవ్వేది. తల మాత్రం పైకెత్తేది కాదు. అది నవ్వో, ఏడుపో చూడాలని ఆ మహానుభావుడికి ఒక్కనాడూ తోచలేదు.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ, నోరూ ఒళ్ళూ రెండూ ఘనమైనవే, పాత బట్టలు వదులు చేయించుకోవడానికి తరచూ వచ్చేది. ఒకసారి ఆవిడ ఊరుకోలేక, "అంత అరుస్తారేంటి మాస్టారూ? ఆవిడ పక్కనే ఉందిగా, చెవుడేం లేదుగా?" అని మొహం మీదే అడిగేసింది.

"సరదాకండీ, మొగుడూపెళ్ళాల సరదా" అన్నాడు ఆయన.

"ఆవిడ సరదా ఏదో ఒకసారి అడిగి చూడండి" అంది టీచరమ్మ. ఆయన వినిపించుకోలేదు.

ఇలా ఉండగా బజారులోని హాల్లో కొట్ల వాళ్ళందరికీ రక్త పరీక్షలు ఉచితంగా చేస్తున్నారని తెలిసింది. మాస్టారు భార్యని బయల్దేరదీశాడు. "పద, ఆ డాక్టర్లు నాలుగు చీవాట్లు పెడితే గానీ నీకు బుద్ధి రాదు. తోడుగా నేనూ ఇస్తాలే రక్తం. నాకేం అవసరం లేకపోయినా!" అన్నాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని మారుమాట లేకుండా వెనకాలే నడిచింది.

ఫలితాలు చెప్పే రోజున ఆవిడ గుండీలు కుట్టే పనిలో ఉంది. మాస్టారు ఒక్కడే వెళ్ళాడు. అక్కడున్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, ఆయన కూతురి ఈడు ఉంటుంది. కంప్యూటర్లో చూసి, "మీ ఆవిడగారిది నిక్షేపంగా ఉందండీ. కాస్త బరువు తగ్గితే మంచిదే. కానీ రక్తంలో భయపడాల్సిందేమీ లేదు. మీ సంగతే మాట్లాడాలి, కూర్చోండి" అంది.

మాస్టారు కూర్చోలేదు. "నా సంగతా? నన్ను చూసే అంటున్నారా మీరు?"

"మిమ్మల్ని కాదండీ, మీ రక్తాన్ని చూసి అంటున్నాను. మీకు మంచి కొలెస్ట్రాల్ బాగా తక్కువగా ఉంది."

"తక్కువుంటే మంచిదే కదమ్మా! అందరూ తగ్గించుకోమనేగా చెప్తారు?"

"అది చెడ్డ కొలెస్ట్రాల్ గురించి చెప్పేమాట. అది మీకు హద్దులోనే ఉంది. ఇది వేరు. రక్తనాళాల్లో మిగిలిపోయిన కొవ్వుని మోసుకుపోయే రకం ఇది. ఇది తక్కువున్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. సన్నగా ఉన్నా సరే. సిగరెట్లు తాగుతారా?"

"ఎప్పుడో ఒకటి" అన్నాడు మాస్టారు. పై గదిలో ఇస్త్రీ పెట్టె వెనక దాచిన ప్యాకెట్టు కళ్ళ ముందు కదిలింది.

"ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు?"

"మా నాన్నకి. నడి వయసులోనే పోయాడు."

"రోజంతా కూర్చుని చేసే పనేనా? మెట్లెక్కితే గుండెల్లో బరువుగా ఉండటం, పట్టేసినట్టుండటం ఏమైనా ఉందా?"

"అబ్బే, లేదు" అన్నాడు. కొన్నాళ్ళుగా ఉంది. గుడ్డ తాను భుజాన వేసుకుని పై గదికి వెళ్ళేటప్పుడు నడి మెట్ల మీద రొమ్ములో ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయ్యేది. ఆగితే తగ్గేది. గ్యాసని సరిపెట్టుకున్నాడు. గ్యాసు కాదేమోనని లోపల ఒక మూల అనిపిస్తూనే ఉంది.

"ఈ ఒక్క అంకె చూసి మీకు జబ్బుందని నేను చెప్పను. కానీ పొగ, మీ నాన్నగారి సంగతి, ఇదీ అన్నీ కలిపి చూస్తే ఆలస్యం చెయ్యకూడదు. గుండె డాక్టర్ని కలవండి" అని ఆ పిల్ల ఆసుపత్రి పేరు చెప్పింది. ఆయన తల ఊపి బయటపడ్డాడు. దారంతా ఆయన్ని పీడించింది చావు భయం కాదు. 'ఇప్పుడు నలుగురికీ ఏమని చెప్పను?' అన్నదొక్కటే ఆయన బెంగ. అంత ఖర్మ!

కొట్లో జనం ఉన్నారు. టీచరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, బ్యాంకు ఉద్యోగి ఒకతను కుట్టిన ప్యాంటు చూసుకుంటున్నాడు. భార్య గుండీ కుడుతోంది. టీచరమ్మే ముందుగా అందుకుంది. "ఏమన్నారు మాస్టారూ? కోటుకి బహుమతేమైనా ఇచ్చారా?"

అందరూ ఆయన వంకే చూశారు. గోడ మీది కోటు కూడా చూస్తున్నట్టే అనిపించింది. ఆ క్షణంలో ఆ నోరుందే, పాడు నోరు, ఏళ్ళ తరబడి ఏ దారిన పరిగెత్తిందో ఆ దారినే పరిగెత్తింది.

"నాదంతా శుభ్రంగా ఉంది. ఈవిడదే... మంచి కొలెస్ట్రాల్ తక్కువట. గుండెకి ప్రమాదమట. నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నానా?"

డాక్టరమ్మ తనకి చెప్పినవన్నీ పొల్లుపోకుండా భార్యకి అంటగట్టేశాడు, సిగరెట్టూ, నాన్న సంగతీ తప్ప. ఆవిడ సూది గుడ్డలోనే ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది. "నాకేం అనిపించట్లేదండీ. లోపల అంత జరుగుతోందా?" అంది. ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ లేచొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళాక చెప్పేద్దామనుకున్నాడు. 'ఉత్తినే అన్నానే, నాదే బాగాలేదు' అంటే సరిపోయేది. అప్పటికి ఆవిడ కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. "ఏం లేదమ్మా, నాన్న చూసుకుంటున్నారుగా" అంటోంది. ఆ మాట వినేసరికి ఆయన వెనక్కి తిరిగి గుమ్మం బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు చెప్పడం మరింత కష్టమైంది. ఆ మర్నాడు ఇంకా కష్టమైంది. అబద్ధం ఆడటానికి రెప్పపాటు పట్టింది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం రోజులు గడిచేకొద్దీ ధైర్యం కరిగిపోతోంది.

ఆవిడ అన్నం సగానికి సగం తగ్గించేసింది. పొద్దున్నే లేచి వీధుల వెంట నడవడం మొదలుపెట్టింది. వచ్చాక నాడి మీద వేలు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. కూతురి చిన్నప్పటి బట్టలు, గాజులు అన్నీ విడివిడిగా మూటలు కట్టి బీరువాలో సర్దింది. ఒకనాడు పొద్దున మాస్టారిని వంటింట్లోకి పిలిచింది.

"ఇలా రండి. అన్నం ఎలా వండాలో చూడండి."

"నాకెందుకే?"

"ఎందుకంటే ఏం చెప్పను? రేపు నేనుండకపోతే మీరు ఎవరి గుమ్మంలో నిలబడతారు? మీకసలే మొహమాటం. పస్తులుంటారు గానీ అడగరు." గిన్నెలో బియ్యం పోసి, ఆయన వేలు పట్టుకుని నీళ్ళలో ముంచింది. "ఇదిగో, ఈ కణుపు దాకా నీళ్ళుండాలి. మీకు కొలత చెప్తే చాలుగా, మర్చిపోరు. ఉప్పు ఈ డబ్బాలో ఉంది. పసుపుది పక్కన. అగ్గిపెట్టె ఎప్పుడూ తడి లేని చోట పెట్టుకోండి."

ఆయన వేలు నీళ్ళలోనే ఉంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. పాపం, తను చచ్చిపోతానన్న భయంలోనూ ఆ మనిషికి ఈ దరిద్రుడి ఆకలే గుర్తొచ్చింది! నోరు తెరిచాడు కూడా. "అదికాదే..." అన్నాడు. "ఏంటండీ?" అని ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ చూపు తట్టుకోలేక, "ఉప్పు ముందు వెయ్యాలా, తర్వాతా?" అని అడిగాడు. థూ!

ఆ పూట పై గదికి వెళ్ళబోతే సగం మెట్ల దగ్గరే పిడికిలి గట్టిగా నొక్కింది. ఎడమ చెయ్యి లాగేసింది. గోడకి ఆనుకుని నిలబడి, కింది నుంచి ఆవిడ "ఏమైందండీ?" అంటే "దారం కండె పడిపోయింది, వెతుక్కుంటున్నా" అన్నాడు. నాన్న కూడా ఇలాగే ఒకనాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఆ తర్వాత ఎన్నాళ్ళో లేడు. చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఈ రెండింటిలో ఏది తేలిగ్గా వదులుకోవచ్చో ఆ తెలివితక్కువ మనిషికి ఇంకా తేలలేదు.

మరికొన్నాళ్ళకి ఆవిడే అడిగింది. "ఏవండీ, బట్టలన్నీ వదులైపోయాయి. ఒకసారి కొలత తీసి సరిచేస్తారా?"

కొట్లో అప్పుడు నలుగురున్నారు. మాస్టారు టేపు తీశాడు. నడుము చుట్టూ తిప్పాడు. అంకె చూసి నమ్మలేక మళ్ళీ తిప్పాడు, అదే అంకె. మనిషి అంతగా తరిగిపోయింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఆవిడ చీటీ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగి మెల్లిగా చెప్పాడు.

ఆవిడ నవ్వింది. "ఇప్పుడెందుకండీ గుసగుసలు? తగ్గానుగా! ఈ ఒక్కసారి గట్టిగా చెప్పండి."

 టేపు మెడలో వేసుకుని, ఏదో పనున్నట్టు వీధిలోకి నడిచాడు. కొట్టు పక్కన కరెంటు స్తంభం చాటున నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. లోపలున్నవాళ్ళు, 'పెళ్ళాం అంటే ఎంత ప్రాణమో చూడు' అనుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

గుండె డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దామని ఆవిడ అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం, చూద్దాం" అంటూ నీళ్ళు నమిలేవాడు. టీచరమ్మకి అది నచ్చలేదు. ఆవిడే ఫోన్ చేసి డాక్టరు దగ్గర సమయం తీసుకుంది. "కొట్టు మూసుకోలేకపోతే చెప్పండి, నేను తీసుకెళ్తా" అంది. ఇంక తప్పలేదు, మాస్టారే భార్యని తీసుకుని బయల్దేరాడు.

ఆసుపత్రిలో లిఫ్టు పాడైపోయింది. గుండె డాక్టరు పై అంతస్తులో కూర్చుంటాడట. ఇది ఎవరి తెలివో! ఆవిడ కొంగు నడుముకి దోపుకుని చకచకా ఎక్కేసింది. ఇన్నాళ్ళ నడక కదా, ఆయాసమన్నది లేదు. పై మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మాస్టారు కిందనే ఆగిపోయి ఉన్నాడు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒళ్ళంతా చెమటలు కారుతూ, సున్నం రంగు ముఖంతో నిలబడ్డాడు.

ఆవిడ గబగబా దిగొచ్చింది. కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

"ఎందుకండీ అంత భయపడతారు? నాకేం కాదు లెండి. చూశారుగా, ఎలా ఎక్కానో! మీరిలా బెంగపడి కూలిపోతే నన్ను ఎవరు చూస్తారు చెప్పండి?"

ఇంక ఆయన వల్ల కాలేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"నీకు కాదే" అన్నాడు.

"ఆఁ?"

"జబ్బు నీకు కాదు. నాకు. నీది నిక్షేపంగా ఉందన్నారు. ఆ రోజు అందరి ముందూ చెప్పలేక... నోరు జారింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. గుండెల్లో నొక్కేస్తోందే. చాన్నాళ్ళ నించీ."

ఆవిడ కొంగు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.  ఎవరో ఇద్దరు పక్కనించి మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆవిడ ముఖంలో ఏముందో చూసే ధైర్యం ఆయనకి లేదు, తన చెప్పుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

"రోజూ రాత్రి పడుకునే ముందు" అంది ఆవిడ చివరికి, "తెల్లారి లేస్తానో లేదోనని మీ ముఖం ఒకసారి చూసుకుని పడుకునేదాన్ని."

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తిడితే బాగుండేది. చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. లేవబోతున్న ఆయన భుజం మీద చెయ్యి పెట్టి నొక్కి, "లేవకండి. మెట్లెక్కొద్దు" అంది. తర్వాత పైకి చూసి ఎలుగెత్తి అరిచింది. జన్మలో ఆవిడ అంత గట్టిగా అరవడం ఆయన ఎరగడు. "ఎవరైనా రండయ్యా! మా ఆయనకి గుండెలో నొప్పి!"

ఇద్దరు మనుషులు ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మోసుకుని పైకి చేర్చారు. డాక్టరు అప్పటికప్పుడు పరీక్షలు చేశాడు. రక్తనాళం ఒకటి బాగా పూడుకుపోయిందనీ, ఈ రోజే సన్న గొట్టం వేసి లోపల చూడాలనీ, ఇంకొన్నాళ్ళు ఇలాగే దాచి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమనీ అన్నాడు. "ఆ మంచి కొలెస్ట్రాల్ ఒక్కటీ మాత్రతో పెంచేసి చేతులు దులుపుకునే పని కాదిది. పొగ మానాలి, నడవాలి, మేమిచ్చే మందులు విడవకుండా వాడాలి" అన్నాడు. మాస్టారు అన్నింటికీ తలూపాడు.

లోపలికి తీసుకెళ్ళేముందు ఆయన్ని నడవాలో మంచం మీద పడుకోబెట్టారు. చుట్టూ బెంచీల నిండా జనం ఉన్నారు. అందులో బ్యాంకు ఉద్యోగి కూడా తన తండ్రిని తీసుకొచ్చి కూర్చుని ఉన్నాడు. "అరె, మాస్టారూ, మీరా?" అని లేచి నిలబడ్డాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. మెడలో టేపు ఇంకా అలాగే ఉంది. నర్సు దాన్ని తీసి పక్కన పెట్టింది. కాగితం పట్టుకుని ఆవిడ వైపు తిరిగి, నడవా అంతా వినపడేలా అడగడం మొదలుపెట్టింది.

"సిగరెట్లు తాగుతారా? రోజుకి ఎన్ని? నొప్పి ఎప్పట్నించి ఉంది? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఇప్పుడు చెప్తుంది. గట్టిగా చెప్తుంది. చెప్పాలి కూడా, అందులో అన్యాయమేం లేదు. బెంచీల మీదివాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. ఆయన పళ్ళు బిగించి పడుకున్నాడు.

ఆవిడ లేచి నర్సు దగ్గరికి వెళ్ళింది. చెవి దగ్గరికి వంగి, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో చెప్పింది.

"వినపడట్లేదమ్మా, కాస్త గట్టిగా చెప్పండి" అంది నర్సు.

"మీరే కాస్త ఇటు వంగండి" అంది ఆవిడ. "చెప్తున్నాగా. అందరికీ ఎందుకు?"

నర్సు వంగింది. ఆవిడ ఆయన్ని ఒక్కమాట అడక్కుండానే, రోజుకి ఎన్ని సిగరెట్లో కూడా, ఒక్కొక్కటీ చెప్తుంటే రాసుకుంది. ఇస్త్రీ పెట్టె వెనక ప్యాకెట్టు సంగతి ఆవిడకి ఎప్పట్నించో తెలుసని ఆ పెదవుల కదలిక చూసి మాస్టారికి అర్థమైంది. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మంచం తోసుకెళ్ళేదాకా ఇటు తిరగలేదు.